తలుపు మూస్తే పదకొండు

కింద నుంచి ఎవరో నిచ్చెనను కాలితో తన్నారు. పైన పళ్ళ మధ్య పెన్సిలు ముక్క కరుచుకుని తీగ బిగిస్తున్న మనిషి రెండు చేతులా గోడను పట్టుకున్నాడు. ఊగడం ఆగాక మళ్ళీ పని అందుకున్నాడు. తన్నినవాడు ఆ ఇంటి యజమానే. పొద్దుటి నుంచి నెట్ లేదని అతని గోల. బాగుచేసేవాణ్ణి కింద పడేస్తే నెట్ ఎవరు తెస్తారన్నది మాత్రం అతనికి తట్టలేదు.

నిచ్చెన మీది మనిషిని ఆఫీసులో అందరూ పొడుగాయన అంటారు. యాభై నాలుగేళ్ళు. ఇరవై రెండేళ్ళుగా ఇళ్ళకు ఇంటర్నెట్ తీగలు లాగుతున్నాడు. ఆ ఇరవై రెండేళ్ళూ అతని ఒంటి మీదే ఉన్నాయి. మోచేతి మీది గాటు కుక్కది. దాన్ని ఉసిగొల్పింది ఒక లాయరు. చిటికెన వేలు వంకరపోయింది ఒక వ్యాపారి తలుపు సందులో పెట్టి నొక్కినప్పుడు. ఆట ఆఖరి నిమిషంలో నెట్ పోయిన ఇంట్లో పడ్డ చెంపదెబ్బకు ఎడమ చెవి వినికిడి పోయింది. గోలు చూడలేకపోయానని కొట్టినవాడే ఏడ్చాడు. రెండు నెలల కిందట ఒకావిడ విసిరిన ఇస్త్రీపెట్టె తలకు తగిలి ఆసుపత్రిలో పడ్డాడు. "అదే చోట ఇంకో దెబ్బ తగిలితే నా చేతుల్లో ఏమీ ఉండదు" అని డాక్టరు చెప్పి పంపాడు.

ఇన్ని దెబ్బలకూ మూలం అతని నోరే. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ పెద్ద ప్లాను అంటగట్టి రమ్మంటుంది ఆఫీసు. ఇతను ఇంట్లో ఎంతమంది, ఏం చూస్తారు, గోడలెంత మందం అని ఆరా తీస్తాడు. "ముగ్గురికి యాభై ఎంబీ స్పీడు చాలు సార్. ప్లాను మార్చడం కాదు, రూటర్ని వంటింట్లోంచి హాల్లోకి తెండి" అంటాడు. అక్కర్లేనిది అమ్మినవాడి మీద జనానికి కోపం రాదు. తప్పు మీ ఇంట్లోనే ఉందన్నవాడి మీద మాత్రం చెయ్యి లేస్తుంది. పని అయ్యాక రూటరు పక్కన గోడ మీద పెన్సిలుతో మూడు సంగతులు రాస్తాడు: తీగతో ఎంత వచ్చింది, గదిలో ఎంత వచ్చింది, తప్పు ఎక్కడ. తన తర్వాత వచ్చేవాడైనా తన్నులు తినకుండా పోవాలని.

ఆ ఉదయం భార్య అతని ఒంటి మీదే చొక్కా గుండీ కుట్టింది. నిన్న ఎవరో కాలరు పట్టుకున్నప్పుడు ఊడిన గుండీ అది.

"ఇవాళ ఎవర్నీ సరిదిద్దకండి. అడిగింది పెట్టేసి వచ్చెయ్యండి."

"అలాగేలే."

"అలాగేలే కాదు, ఒట్టు వెయ్యండి. నాకు మీరు తప్ప ఎవరున్నారు?"

ఒట్టేశాడు. ఆమె దారాన్ని పళ్ళతో తెంపి, గుండీని ఒకసారి లాగి చూసింది.

మధ్యాహ్నం దాకా మాట నిలబెట్టుకున్నాడు. ఒంటరిగా ఉండే ఒక ముసలమ్మకు, ఫోన్లో వార్తలు తప్ప ఏమీ చూడని మనిషికి, ఆఫీసు చెప్పినట్టే మూడొందల ప్లాను పెట్టి వచ్చాడు. ఆమె చేతులు పట్టుకుని దీవించింది. మెట్లు దిగుతుంటే సిగ్గుతో అతనికి ఒళ్ళు చచ్చిపోయింది.

మూడు గంటలకు వెళ్ళింది లారీల యజమాని ఇంటికి. తలుపు తీసిన అతని భార్య కింది పెదవి చిట్లి ఉంది. హాల్లో టీవీ అద్దం నెర్రెలు విచ్చింది. దాని కిందే గాజుపెంకులు.

"మూడుసార్లు మార్చాను" అన్నాడు యజమాని. "యాభై, వంద, మూడొందలు. అయినా బొమ్మ కదలదు. ఇంట్లో కూర్చుని ఉద్యోగమంటూ ఇదే నెట్ మొత్తం తాగేస్తోంది. ఎన్ని తన్నినా బుద్ధి లేదు. వెయ్యిది పెట్టు."

"రూటరు ఎక్కడ సార్?"

యజమాని మొలలోంచి తాళాల గుత్తి తీసి పడకగదిలోని ఇనప బీరువా తెరిచాడు. రూటరు అందులో ఉంది. తీగల కోసం వెనక బొక్క పెట్టించాడు. తాను లేనప్పుడు భార్య ఎవరితోనూ మాట్లాడకుండా రూటరు ఆపి, బీరువాకు తాళం వేసుకుపోతాడట.

ఫోను మోగి యజమాని హాల్లోకి వెళ్ళగానే ఆమె గొంతు తగ్గించింది. "బాబాయ్, నాలుగింటికి మా ఆఫీసువాళ్ళతో మాట్లాడాలి. ఇవాళ కూడా మాట తెగితే తీసేస్తారు. తెగకపోతే వేరే ఊళ్ళో ఉద్యోగం, ఉండటానికి గది ఇస్తామన్నారు. నాకు ఇదొక్కటే దారి."

మాట తెగకుండా ఉండటానికి రెండు ఎంబీ చాలు. మూడొందల్లో రెండు. వెయ్యి పెట్టేస్తానని చెప్పి బయటపడొచ్చు. పొడుగాయన చొక్కా గుండీని తడుముకున్నాడు. భయమేసింది. ఆ పెదవి వంక మళ్ళీ చూశాడు.

యజమాని తిరిగి వచ్చాక పొడుగాయన సంచిలోంచి పసుపు తీగ తీసి, రూటరుకూ స్పీడు కొలిచే మీటరుకూ గుచ్చి చూపించాడు. రెండొందల తొంభై రెండు. తీగ పీకి, బీరువా మూసి, హాల్లో నిలబడి చూపించాడు. పదకొండు. బీరువా తెరిచి మళ్ళీ చూపించాడు. నూట ఎనభై నాలుగు.

"మీ మూడొందలూ ఇంటిదాకా వస్తున్నాయి సార్" అన్నాడు బీరువా దగ్గరికి వచ్చి. "ఇనుము ఆపేస్తోంది. వెయ్యి పెట్టినా ఇంతే. అమ్మాయిది ఏ తప్పూ లేదు."

ఆమె నవ్వింది. ఆపుకోలేక వచ్చిన చిన్న నవ్వు. పెదవి మళ్ళీ చిట్లి నెత్తురు వచ్చింది.

యజమాని తాళాల గుత్తి పిడికిట బిగించి ఆమె మీదికి వెళ్ళాడు. పొడుగాయన అడ్డం నిలబడ్డాడు. యజమాని అతని మెడ పట్టుకుని బీరువా తలుపు అంచుకు కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. మూడోసారికి బీరువా ఖంగుమంది. ఆమె పొడుగాయన సంచిలోంచి సుత్తి అందుకుని మొగుడి చేతి మీద శక్తికొద్దీ వేసింది. ఎముక విరిగిన చప్పుడు ముగ్గురూ విన్నారు. తాళాలు కింద పడ్డాయి. చెయ్యి పొట్టకు అదుముకుని, కట్టు కట్టించుకొచ్చి ఇద్దర్నీ చంపుతానని అరుస్తూ అతను మెట్లు దిగిపోయాడు.

"ఆసుపత్రికి పోదాం బాబాయ్."

"తోలు చీరిందంతే. నీకు నాలుగింటికి పని ఉందిగా."

చేతిరుమాలు తలకు అదుముకుంటూనే రూటర్ని బీరువా నెత్తిన పెట్టాడు. ఇంకో చేత్తో పెన్సిలు తీసి గోడ మీద ఏదో రాశాడు. తర్వాత బయటికెళ్ళి మెట్ల మీద కూర్చుని, వినిపించే చెవిని తలుపుకు ఆనించాడు. లోపల ఆమె మాట్లాడుతోంది. మాట ఎక్కడా తెగడం లేదు. ఇంటికెళ్ళి భార్యకు ఏ అబద్ధం చెప్పాలా అని ఆలోచించాడు. ఒక్కటీ తోచలేదు.

నాలుగూ నలభైకి ఆమె బట్టల సంచితో వచ్చేసరికి అతను అలాగే ఉన్నాడు. ఆమె పిలిచింది. భుజం తాకింది. ఊపిరి ఆగిపోయి ఉంది. ఆ పక్కనే కూలబడి, కబురంది అతని భార్య వచ్చేదాకా అతని చెయ్యి వదల్లేదు. ఆ సాయంత్రం బండికే కొత్త ఉద్యోగం ఉన్న ఊరికి వెళ్ళిపోయింది.

వారం తర్వాత కనెక్షను తీసేయడానికి ఆఫీసు ఇంకో పనివాణ్ణి పంపింది. చేతికి కట్టుతో యజమాని పోలీసుల దగ్గర ఉన్నాడు. అతని తల్లి తలుపు తీసింది. గోడ మీద రాత వంకరగా ఉంది: తీగతో 292. తలుపు మూస్తే 11, తీస్తే 184. తప్పు: బీరువాది. దాని కింద, ఎప్పుడూ రాయని నాలుగో ముక్క: ఆమెది కాదు. వచ్చినవాడు రూటరు విప్పుకుని వెళ్ళాడు. దాని వెనక పడున్న పంటిగాట్ల పెన్సిలు ముక్క మాత్రం బీరువా మీదే ఉండిపోయింది.