ఉచిత సలహా పిట్టలు

పొద్దున్న పదింటికి పిట్టలావిడ తన గది తలుపు తీసి, కిటికీ రెక్కలు బార్లా తెరిచి, బల్ల మీద గుప్పెడు గింజలు చల్లుతుంది. ఆ తర్వాతే కళ్ళజోడు పెట్టుకుంటుంది. పిల్లల కాన్సర్ వార్డు చివర, లిఫ్టు పక్కన ఉంటుంది ఆ గది. ఎంత ఇరుకంటే, లోపల ఒకరికి తుమ్ము వస్తే ఇంకొకరు బయటికి పోవాలి. తలుపు మీద "ఇతర చికిత్సల సలహా" అని అచ్చక్షరాల బోర్డుంది గానీ, దాన్ని చదివినవాళ్ళు భూప్రపంచంలో లేరు. అందరూ "పిట్టలావిడ గదెక్కడ?" అనే అడుగుతారు.

పిట్టలంటే మరేం కాదు, సలహాలు. ఇంట్లో పిల్లకి జబ్బు చేసిందని తెలియడమే ఆలస్యం, పక్కింటివాళ్ళు, వేలువిడిచిన మేనమామలు, బస్సులో పక్కసీటు మనిషి, చివరికి రాంగ్ నంబరుకి ఫోన్ చేసినవాడు కూడా ఒక సలహా పడేస్తాడు. పడేసిన ప్రతి సలహా పిట్టై వచ్చి తల్లి భుజమ్మీదో తండ్రి నెత్తిమీదో వాలుతుంది. కషాయాల పిట్టలు మట్టిరంగువి. నూనెలవి నిగనిగలాడుతుంటాయి. గొట్టం బిళ్ళలవి రెండు రంగులవి, మధ్యకి గీత గీసినట్టు. ఒక తండ్రి నూట పదకొండు పిట్టలతో వస్తే లిఫ్టు మొరాయించింది, పాపం ఐదంతస్తులూ మెట్లెక్కాడు. వార్డు ఊడ్చే ఆమె రోజుకి రెండు బుట్టల ఈకలు ఎత్తిపోస్తుంది. "ఈ వారం ఈకలు ఎక్కువగా ఉన్నాయి" అనడం తప్ప ఆ సంగతి మీద ఎవరూ ఇంకో మాట ఖర్చు పెట్టరు.

పిట్టలావిడ అంతకుముందు ఇరవై ఏళ్ళు ఆసుపత్రి మందుల గదిలో పనిచేసింది. ఏ మందుకి ఏ మందంటే పడదో, ఏ వేరుకి ఏ సూదంటే గిట్టదో ఆవిడకి నిద్రలో లేపి అడిగినా తెలుసు. ఒక్కో పిట్టనీ దోసిట్లోకి తీసుకుని, "ఏం చెప్పావే తల్లీ?" అని అడుగుతుంది. అది చెబుతుంది. కాళ్ళు పట్టమనో, పాట పాడమనో చెప్పే పిట్టైతే గింజలు పెట్టి ఉంచుతుంది. వైద్యానికి అడ్డొచ్చేదైతే కిటికీ చూపిస్తుంది. తోలదు. తోలిన పిట్ట పోదు, దాక్కుంటుంది. దాక్కున్న పిట్ట బలుస్తుంది. ఆవిడ విద్యంతా ఈ మూడు ముక్కల్లో ఉంది.

ఆ రోజు గింజలు చల్లుతుండగానే చిన్నడాక్టరు ఊడిపడ్డాడు. ఆయన కనుబొమలు రెండూ ఒకదాన్నొకటి కొరికేసుకునేలా ఉన్నాయి.

"మేడమ్, బొంగరం సంగతి మీరే చూడాలి."

బొంగరం ఏడేళ్ళ పిల్ల. రక్త కాన్సర్. ఒకచోట నిలవని పిల్ల కాబట్టి వార్డువాళ్ళు ఆ పేరు పెట్టారు. రెండు రోజుల కిందట ఆ పిల్లకి పసుపు సంచీ ఎక్కించారు. అది నిమ్మపండు రంగులో ఉండే ఘాటైన మందు. ఎక్కించడం ఒక ఎత్తు, దింపడం పది ఎత్తులు. చెయ్యాల్సిన పని చేశాక అది మూత్రంతో బయటికి పోవాలి. పోకుండా ఒంట్లో తిష్ఠ వేసిందంటే కిడ్నీలని నమిలేస్తుంది.

"రక్తంలో మందు అంకె ఈపాటికి పదికి దిగాలి. నలభై దగ్గర కూర్చుంది" అన్నాడు డాక్టరు. "విరుగుడు ఇస్తున్నాం. సీసాల మీద సీసాలు సోడా మందు ఎక్కిస్తున్నాం. అయినా మూత్రంలో ముంచిన కాగితం నీలం తిరగట్లేదు, పసుపుగానే ఉంటోంది. మూత్రం పుల్లగా ఉన్నంతసేపూ మందు కదలదు. ఎక్కడినుంచో పులుపు లోపలికి పోతోంది. సాయంత్రంలోగా ఆగకపోతే…"

పిట్టలావిడ గింజల డబ్బా బల్ల మీద పెట్టింది.

"ఇంట్లోవాళ్ళని అడిగారా?"

"అడిగాను. ఏమీ ఇవ్వట్లేదన్నారు."

"ఏమని అడిగారు?"

"పిల్లకి చెత్తాచెదారం ఏమైనా పెడుతున్నారా అని."

"భేషుగ్గా అడిగారు బాబూ. అలా అడిగితే కన్నతల్లికైనా నోరు పెగలదు" అంది పిట్టలావిడ. గింజల డబ్బాకి మూత పెట్టి, పిల్ల ఇంట్లోవాళ్ళని రమ్మని కబురు పంపింది.

అరగంటలో తల్లీ నాయనమ్మా వచ్చి ఎదురుగా కూర్చున్నారు. తల్లి లెక్కల టీచరు. ఒళ్ళో నాలుగు రంగుల చీటీలంటించిన ఫైలు, ఫైలు మీద పెద్ద తోలు హ్యాండ్‌బ్యాగు. వార్డు మొత్తమ్మీద ఒక్క ఈక కూడా అంటని భుజాలు ఆమెవే. ఆరు నెలల్లో ఎనిమిదిసార్లు ఈ గదికొచ్చింది. ప్రతిసారీ అత్తగారిని వెంటబెట్టుకుని, "ఈవిడకి మీరైనా చెప్పండి మేడమ్" అనేది. నాయనమ్మ ముప్పై ఏళ్ళు కుట్టుమిషను తొక్కిన మనిషి. నాలుక కూడా సూదిలాగే ఉంటుంది. ఆవిడ తల మీద నాలుగు, చేతుల మీద ఆరు పిట్టలున్నాయి. బూడిదరంగు శాలువా కింద పదకొండోది కదులుతోంది. కోడిపుంజంత ఉంది.

పిట్టలావిడ చూపు తిన్నగా ఆ శాలువా మీదికే పోయింది.

"అమ్మా, శాలువా కింద ఉన్నదాన్ని కొంచెం బయటికి రమ్మంటారా?"

"ఏముంది కింద? నా ముసలి కడుపు" అంది నాయనమ్మ.

"మీ కడుపుకి ముక్కుందమ్మా. బయటికి కనిపిస్తోంది."

"అత్తయ్యా!" తల్లి గొంతు పెరిగింది. "మళ్ళీ ఇచ్చారా? డాక్టరు అంత చెప్పాక కూడా! దానికేమైనా అయితే ఈ జన్మలో మిమ్మల్ని…"

"ఆగండి" అంది పిట్టలావిడ. శాలువా కింద పిట్ట ఇంకా లోపలికి ముడుచుకుపోవడం ఆవిడ చూసింది. చెయ్యి చాపి లాగేస్తే అరనిమిషం పని. గోడగడియారం పదీ నలభై చూపిస్తోంది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీదే కూర్చుంది. "పిట్టా, నీ మీద ఎవరికీ కోపం లేదు. ఏం చెప్పావో అది ఒక్కటి చెప్పు చాలు."

చాలాసేపటికి శాలువా అంచు లేచింది. మట్టిరంగు పిట్ట బయటికొచ్చి, బల్ల మీద నిలబడి, నేరం ఒప్పుకున్నట్టు తల వంచుకుంది.

"ఆకు కషాయం" అంది నాయనమ్మ గోడకేసి చూస్తూ. "పొద్దున రెండు చెంచాలు. నా చిన్నకొడుక్కి మూడేళ్ళప్పుడు జ్వరం తగ్గకపోతే దీంతోనే నిలబడ్డాడు. నా దగ్గర ఇంకేముంది ఇవ్వడానికి? మీ దగ్గర సంచులున్నాయి, మిషన్లున్నాయి. నాకు ఈ రెండు చెంచాలే ఉన్నాయి." శాలువా మడతల్లోంచి చిన్న సీసా తీసి బల్ల మీద పెట్టింది.

పిట్టలావిడ సొరుగులోంచి పరీక్ష కాగితం తీసి కషాయంలో ముంచింది. ముగ్గురూ వంగి చూశారు. కాగితం మెల్లగా ఆకుపచ్చకి తిరిగింది.

"పులుపు లేదు. ఇది కాదు" అంది.

"కాదా?" నాయనమ్మ, తల్లీ ఒకేసారి అన్నారు. ఇద్దరి గొంతుల్లోనూ భయమే ఉంది.

"ఇవ్వకూడదు. పిల్లకి ఇప్పుడు క్రిముల్ని ఆపే శక్తి లేదు, ఆకులు ఎంత కడిగినా లాభం లేదు. కానీ మందుని పట్టి ఉంచింది ఇది కాదు."

తలుపు సందులోంచి నర్సు తల పెట్టింది. "మేడమ్, పదకొండింటి కాగితం కూడా పసుపే. మూత్రం తగ్గుతోంది. పెద్దడాక్టరుగారు రక్తం కడిగే మిషను వాళ్ళకి ఫోన్ చేయిస్తున్నారు."

పిట్టలావిడ నాయనమ్మ మీదున్న మిగతా పదింటినీ ఒకదాని తర్వాత ఒకటి అడిగింది. కాళ్ళు పట్టు. వెన్ను నిమురు. కథ చెప్పు. తలకింద మెత్తటి దిండు పెట్టు. ఒక్కదాంట్లో కూడా పులుపు లేదు. అప్పటికి పదకొండూ పది.

కషాయం పిట్ట కిటికీ వైపు పోలేదు. తీసే ఉంది కిటికీ, దారి తెలుసు. అయినా బల్ల అంచుకి నడిచి, తల్లికి ఎదురుగా నిలబడి, మెడ సాచి ఒక్కసారి కూసింది. ఇంకోసారి కూసింది. మూడోసారి కూసినప్పుడు, తోలు హ్యాండ్‌బ్యాగులోంచి, జిప్పు కిందనుంచి, సన్నగా, గొంతు నొక్కిపట్టినట్టు, ఇంకో పిట్ట బదులు పలికింది.

తల్లి రెండు చేతులూ బ్యాగు మీద పడ్డాయి.

పిట్టలావిడ బ్యాగు మీంచి తల్లి ముఖానికి చూపు తిప్పింది. ఎనిమిదిసార్లు వచ్చింది ఈ మనిషి. ఎనిమిదిసార్లూ తను అడిగింది నాయనమ్మనే. చదువుకున్న మనిషి, రంగు చీటీల మనిషి, అత్తగారి మీద ఫిర్యాదు చేసే మనిషి ఏం ఇస్తుందిలే అనుకుంది. "మీరేం ఇస్తున్నారమ్మా?" అన్న ఒక్క మాట ఆరు నెలల్లో తన నోట రాలేదు. డాక్టరు తప్పుగా అడిగాడని ఎత్తిపొడిచింది గానీ, తను అసలు అడగనే లేదు.

"నేను మిమ్మల్ని ఎప్పుడూ అడగలేదు" అంది. "తప్పు నాది. ఇప్పుడు అడుగుతున్నాను. ఏం చెప్పిందమ్మా అది?"

బ్యాగు ఉబ్బింది, తోలు కిర్రుమంది. గడియారం ముల్లు కదిలిన చప్పుడు ఊరంతా వినిపించి ఉంటుంది. నాయనమ్మ నోరు తెరిచింది. సూదిలాంటి మాట ఒకటి నాలుక చివరిదాకా వచ్చిన సంగతి ఆవిడ పెదవుల మీద కనిపిస్తూనే ఉంది. ఆవిడ దాన్ని మింగింది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి అయ్యుంటుంది.

"చెప్పు అమ్మాయ్" అంది. "నాది బయటపడిందిగా. నేనేం చచ్చానా?"

జిప్పు తెరుచుకుంది. నారింజరంగు పిట్ట, నిగనిగలాడుతూ, బాతంత లావుగా, బ్యాగులో ఇరుక్కుపోయి ఉంది. ముగ్గురూ కలిసి లాగితే గానీ బయటికి రాలేదు. దాని కింద బిళ్ళల డబ్బా.

"విటమిన్ సి" అంది తల్లి. "తల్లుల గ్రూపులో ఒకావిడ పెట్టింది. వాళ్ళ పాపకి ఒక్కసారి కూడా జ్వరం రాలేదట. పుల్లగా ఉంటే నోటి చేదు పోతుందని మా పిల్లా ఇష్టంగా తాగుతోంది. నీళ్ళ సీసాలో కలిపి రోజుకి రెండు. పెద్దమందు కదా అని మొన్నటినుంచి…" వేళ్ళు చూపించింది. ఆరు. "పొద్దున కూడా సీసా నింపి మంచం పక్కన పెట్టాను."

మాట పూర్తి కాకముందే పిట్టలావిడ వరండాలో ఉంది. మోకాళ్ళ నొప్పుల మనిషి, నాలుగంగల్లో వార్డు చేరింది. బొంగరం సీసా మూత తీసి నోటి దగ్గర పెట్టుకోబోతోంది.

"బంగారం, అది నాకివ్వవూ? చచ్చేంత దాహంగా ఉంది."

పిల్ల అనుమానంగా చూసి, ఇచ్చింది.

ఆ తర్వాత కాలం నడవలేదు, పాకింది. ఒంటిగంట కాగితం పసుపు. రెండున్నర కాగితం పసుపో ఆకుపచ్చో నర్సులు ఇద్దరు పోట్లాడుకున్నారు. మిషను వాళ్ళు తలుపు బయట చక్రాల బండితో నిలబడ్డారు. నాలుగింటి కాగితాన్ని నర్సు కిటికీ వెలుగులో పట్టుకుని, ఏమీ అనకుండా, పైకెత్తి అందరికీ చూపించింది. నీలం. ఆరింటికి అంకె ఇరవై ఆరు. మిషను వచ్చిన దారినే వెనక్కి పోయింది.

చిన్నడాక్టరు ఫారం పట్టుకుని మంచం దగ్గరికొచ్చాడు. "కారణం రాయాలి. పులుపు ఎవరిచ్చారు?"

తల్లి తల వంచుకుంది.

"ఇంట్లోవాళ్ళం" అంది నాయనమ్మ.

"అంటే ఎవరమ్మా?"

"తెలుగు అర్థం కాదా బాబూ? ఇంట్లోవాళ్ళం ఇచ్చాం. ఇంక ఇవ్వం. అదే రాసుకో."

డాక్టరు ఆవిడని చూశాడు, ఫారాన్ని చూశాడు, అదే రాసుకుని వెళ్ళిపోయాడు. వాళ్ళ వెంటే వచ్చి వార్డు కిటికీ గట్టు మీద వాలిన మట్టిరంగు పిట్టా నారింజ పిట్టా ఒకదాని వెంట ఒకటి లేచి, ఆసుపత్రి కప్పు మీదుగా వెళ్ళిపోయాయి.

బొంగరం కళ్ళు తెరిచి, "మంచినీళ్ళు" అంది.

తల్లి లేవబోయి ఆగిపోయింది. చేతులు ఒళ్ళో దాచుకుంది. నాయనమ్మే లేచి, కూజాలోంచి గ్లాసులో నీళ్ళు వంచి, ముందు తను ఒక గుక్క తాగి చూసి, ఇంకో గ్లాసు నింపి కోడలి చేతిలో పెట్టింది. ఆ వేళ్ళ మీద తన వేళ్ళు వేసి పట్టుకుంది.

"ఉత్త నీళ్ళే. నువ్వే పట్టు."