పప్పుమిల్లు వీధి కుంకుమ భరిణె

నేను ఒక కుంకుమ భరిణెను. అరచేతిలో ఇమిడిపోతాను. ఒంటికి ఎర్ర లక్క, నెత్తిన బిగువైన మూత. నన్ను చూస్తే ఎవరికీ ఏ అనుమానమూ రాదు. నాకు మాత్రం అందరి మీదా అనుమానమే. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనుకుని లాభం లేదు.

ఈ గుణం పుట్టుకతోనే వచ్చిందనుకుంటాను. ఏటికొప్పాకలో ఒకాయన అంకుడు కర్ర ముక్కని తిప్పి తిప్పి, లోపల తొలిచి, లక్క ఒత్తి, మొగలి ఆకుతో మెరుగు పెట్టి నన్ను చేశాడు. అంతా అయ్యాక గోటితో టకటకా కొట్టి, ఎక్కడన్నా బీట ఉందేమోనని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. చేసినవాడే నన్ను నమ్మలేదు. ఇంక నేనెవర్ని నమ్మాలి, చెప్పండి?

కాకినాడ ఎగ్జిబిషన్లో నన్ను కొన్నావిడ మాణిక్యాంబగారు. సామర్లకోటలో పప్పుమిల్లు వీధి ఆవిడది. పేరంటాలంటే పడి చచ్చేది. ఆవిడ చేతిలో నేను ఎన్ని గడపలు తొక్కానో, ఎన్ని మొహాల దాకా వెళ్ళానో! బొట్టు పెట్టేవాళ్ళు బొట్టు వంకరపోకుండా చూసుకుంటారు. నేను మొహం చూస్తాను. అంత దగ్గరికి వెళ్ళాక పౌడరు దాచేది ఏమీ ఉండదు. చెంప మీద కమిలిన రంగు, రెప్ప కింద వాపు, చెవి తమ్మె దగ్గర ఎండిన నెత్తురు, అన్నీ చూశాను. "మెట్ల మీద జారానండీ" అనేది ఒకావిడ. "అయ్యో, చూసుకోవాలి కదమ్మా" అనేవాళ్ళు అందరూ. వాళ్ళ ఇంటికి అసలు మెట్లే లేవు. ఆ సంగతి వీధంతటికీ తెలుసు. సెనగలు కొంగులో పోసుకుని ఎవరి దారిన వాళ్ళు పోయేవారు. మనుషులకి అనుమానం రాకపోవడం కూడా ఒక సుఖమేనని నాకు అప్పుడే అర్థమైంది.

మాణిక్యాంబగారు ఇల్లు మారిపోతూ, మూటలు కట్టే హడావుడిలో, నన్ను పక్కింటి అచ్చియ్యమ్మ చేతిలో పెట్టేసింది. అచ్చియ్యమ్మ భర్త పోయిన మనిషి. కింద కర్రీ పాయింటు నడుపుకుంటూ, పైన ఉన్న ఒక గదిలో ఉల్లిపాయల బస్తాలు వేసుకునేది. భర్త పోయాక కూడా బొట్టు తియ్యలేదు. ఎవరన్నా మొహం అదోలా పెడితే, "ఆయనతో పెళ్ళికాకముందు కూడా నాకు నుదురు ఉందమ్మా" అనేది. కొన్నాళ్ళు ముక్కున వేలేసుకున్నారు, తర్వాత అలవాటుపడిపోయారు. నాలో మాత్రం కుంకుమ పోయలేదు, పిన్నీసులు వేసింది. అక్కడ నాకు హాయిగానే ఉండేది.

అప్పుడే ఆ మెట్ల మీద జారే ఆవిడని ఓ మధ్యాహ్నం ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళారు. మళ్ళీ తిరిగి రాలేదు. వీధిలో ఆడవాళ్ళు రెండ్రోజులు గుమ్మాల్లో గుడ్లప్పగించి నిలబడ్డారు. మూడోనాడు అచ్చియ్యమ్మ పిన్నీసులన్నీ మంచం మీద గుమ్మరించి, నన్ను గుడ్డతో తుడిచి, నిండా కుంకుమ పోసింది.

వాళ్ళు కనిపెట్టిన పద్ధతి ఇదీ. పెళ్ళాన్ని కొట్టేవాడు ఆడవాళ్ళని గేటు లోపలికి రానివ్వడు. "ఏం పని?" అంటాడు. కానీ బొట్టు పెట్టి పేరంటానికి పిలవడానికి వచ్చామంటే కాదనలేడు. ఎంత వెధవకైనా ఆ ఒక్క భయం ఉంటుంది. బొట్టు పెడుతున్న నెపంతో కామేశ్వరి, అంటే మా వీధి టైలరు, చెవి దగ్గర మెల్లిగా అడుగుతుంది, "వస్తావా?" అని. ఆ ఇల్లాలు "పిల్లల్ని కూడా తీసుకురావచ్చా?" అంటే వచ్చేస్తుందన్నమాట. పేరంటం నుంచి తిన్నగా అచ్చియ్యమ్మ పై గదికి. ఉల్లిపాయల బస్తాలు తీసేసి తలుపుకి లోపల రెండు గడియలు పెట్టించారు. వంట కింది నుంచి వస్తుంది, బట్టలు ఇంటికో జత వస్తాయి, పోలీస్ స్టేషన్‌కి ఇద్దరు తోడు వెళ్తారు.

నాకు ఇదంతా చూసి ముచ్చట వెయ్యలేదు. అనుమానం వేసింది. సాయానికి వచ్చేవాళ్ళలో సగం మంది కబుర్లకి వస్తారని నాకు తెలుసు. కానీ వాళ్ళు అలా వచ్చినా గిన్నె ఖాళీగా తేలేదు, అది ఒప్పుకోవాలి.

సత్యవేణి సంగతికి వస్తాను. వీధి చివర పచ్చ గేటు ఇల్లు. మొగుడు గంగాధరం, బోరు మోటార్ల రిపేరు షాపు. మనిషి బయట ఎంత మర్యాదస్థుడో! "ఆయ్, రండి" అని కుర్చీ వేస్తాడు. ఏడేళ్ళ కూతురు హాసిని స్కూల్లో ఎవరన్నా గట్టిగా బెంచీ జరిపితే బల్ల కింద దూరుతుందని టీచరు చెప్పింది. ఇంట్లో అత్తగారు చిట్టెమ్మ. ఆవిడ మీదే నాకు అందరికంటే ఎక్కువ అనుమానం. కొడుకు చెయ్యెత్తగానే టీవీ సౌండు పెంచుతుందని పక్కవాళ్ళు చెప్పారు. ఎక్కడికెళ్ళినా కోడలి వెనకాలే కాపలా. అలాంటి ఇంట్లోంచి తల్లినీ పిల్లనీ ఎలా తప్పిస్తారు? నాకు నమ్మకం లేదు.

శ్రావణ శుక్రవారం చూసుకున్నారు. అందరిళ్ళలోనూ పేరంటాలే, ఎవరికీ అనుమానం రాదు. తీరా బయల్దేరే వేళకి కామేశ్వరి, "అక్కా, నేను బయట చేరాను, భరిణె ముట్టుకోకూడదు" అంది. అందరూ కంగారుపడ్డారు. అచ్చియ్యమ్మ నన్ను చటుక్కున అందుకుని, "నాకివ్వు, టైమైపోతోంది" అంది. ఆవిడా, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళూ బయల్దేరారు. కామేశ్వరికి ముట్టు గుర్తొచ్చింది కానీ, ముత్తైదువ పట్టాల్సిన భరిణె భర్త పోయినావిడ పట్టుకుందన్న సంగతి ఒక్కరికీ గుర్తురాలేదు. అచ్చియ్యమ్మ బొట్టుకి అంతగా అలవాటుపడిపోయారు మరి.

గంగాధరం ఇంట్లోనే ఉన్నాడు. వరండాలో నవ్వుతూ లేచాడు. అచ్చియ్యమ్మ చేతిలో నన్ను చూసి అతని నవ్వు ఆగిపోయింది.

"ఏవండీ, పేరంటానికి పిలవడానికి ఈ వీధిలో ముత్తైదువే దొరకలేదా?"

ఒక్కసారిగా నలుగురి మొహాలూ పాలిపోయాయి. అతను మెల్లిగా ఒక్కొక్కళ్ళనీ చూశాడు. గుమ్మం వెనకాల సత్యవేణి, ఆమె చీర పట్టుకుని హాసిని. "ఎవరి పేరంటం? ఎక్కడ? మా ఆవిడనే పిలవాలని ఎందుకనిపించింది?" ఒక్కో ప్రశ్నకీ గేటు వైపు ఒక్కో అడుగు వేస్తున్నాడు. ఆ గేటు పడిందంటే ఇంక ఆ ఇంటికి ఎవరూ రాలేరు. ఆ సాయంత్రం లోపల ఏం జరుగుతుందో కూడా అందరికీ తెలుసు.

అచ్చియ్యమ్మ నన్ను గట్టిగా పట్టుకుంది. అతన్ని దాటుకుని తిన్నగా లోపలికి, ముక్కాలిపీట మీద కూర్చున్న చిట్టెమ్మ దగ్గరికి వెళ్ళింది.

"అత్తయ్యగారూ, నేనొచ్చింది మిమ్మల్ని పిలవడానికండి. భర్తలు పోయినవాళ్ళని పేరంటాలకి ఎవరు పిలుస్తారు? ఈ ఏడు మనకీ పెట్టాను. మీ కోడల్నీ మనవరాల్నీ వెంటబెట్టుకుని రావాలి."

అబ్బో, ఏం అబద్ధం! నాలో వేలు ముంచి చిట్టెమ్మ నుదుటి మీద పెట్టింది. విబూది చెదిరింది. దాని కింద, జుట్టు మొదట్లో, వేలి పొడుగున పాత మచ్చ ఒకటి ఉంది. కుట్లు లేకుండా మానిన గాయం. నేను చాలా చూశాను, పొరపాటు పడను. చిట్టెమ్మ కళ్ళు మూసుకుంది. ఎన్నేళ్ళయిందో ఆ నుదుటికి అలా ఒక చెయ్యి తగిలి.

కళ్ళు తెరిచి, "గంగా, నా చెప్పులు ఎక్కడ పెట్టావురా?" అంది.

"అమ్మా, నీకెందుకు ఇవన్నీ?"

"ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలిస్తే రానంటామా? నేను పక్కన ఉంటాగా. పిల్లని తయారు చెయ్యవే సత్యా."

తల్లి పక్కన ఉంటుందన్న మాటకి గంగాధరం గేటు మీంచి చెయ్యి తీశాడు. నాకు మాత్రం అనుమానం ఇంకా పెరిగింది. ఇదేదో పట్టించే ఎత్తు అనుకున్నాను.

పేరంటం జరిగే ఇంట్లో చిట్టెమ్మ సెనగలు తింది, తాంబూలం తీసుకుంది, ఎవరితోనూ మాట్లాడలేదు. సత్యవేణిని వెనక వాకిట్లోంచి తీసుకెళ్ళాల్సిన టైము వచ్చింది. చిట్టెమ్మని ఏం చెయ్యాలో తెలీక అందరూ మొహమొహాలు చూసుకున్నారు. ఆవిడే లేచి నిలబడింది.

"ఎక్కడికి తీసుకెళ్తున్నారో నన్నూ తీసుకెళ్ళండి."

కామేశ్వరి వెనక వాకిట్లోంచే అచ్చియ్యమ్మని చెయ్యూపి పిలిచింది. "వద్దక్కా, కొడుక్కి ఫోన్ చేసేస్తుంది." నేనూ అదే అంటాను. హాసిని మాత్రం నానమ్మ కొంగు వదల్లేదు. పిల్ల ఏడుస్తుందన్న భయానికి ముగ్గుర్నీ తీసుకెళ్ళారు.

నన్ను పై గది కిటికీలో పెట్టి మర్చిపోయారు. అక్కణ్ణించి అన్నీ చూశాను. మొదట్లో హాసిని అన్నం తలుపు దగ్గరే కూర్చుని తినేది. లేచి గడియ చూసుకునేది, మళ్ళీ కూర్చునేది. కామేశ్వరి స్కూలుకి దింపి, అక్కడే అరుగు మీద కూర్చుని చేతికుట్టు కుట్టుకుని, సాయంత్రం వెంటబెట్టుకుని వచ్చేది. నాలుగు రోజుల ముచ్చట అనుకున్నాను. వానాకాలం వెళ్ళిపోయింది, ఆవిడ మానలేదు. సత్యవేణి కింద కూరలు తరిగేది. స్టేషన్లో కంప్లయింటు ఇచ్చిన రోజున, నలుగురు ఆడవాళ్ళు ఆవిడకి అటూ ఇటూ కూర్చున్నారట. తిరిగొచ్చి చాలాసేపు గోడకి జారబడి ఏడ్చింది. మర్నాడు పిల్ల జడకి రిబ్బను కొనుక్కొచ్చింది. చిట్టెమ్మ వెల్లుల్లి వలుస్తూ కిటికీలోంచి వీధిలోకి చూస్తూ ఉండేది. ఎవరి కోసం? నా కన్ను ఆవిడ మీదే ఉండేది.

ఓ ఆదివారం మధ్యాహ్నం గంగాధరం రానే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో మల్లెపూలు, జిలేబీ పొట్లం, వెనక ఇద్దరు పెద్దమనుషులు. ఇదిగో, ఈవిడే కబురు పెట్టి ఉంటుంది, అనుకున్నాను. కిందే వాళ్ళని ఆపబోయారు. సత్యవేణి, "మాట్లాడనివ్వండి, ఇంతమంది ఉన్నారుగా" అని తలుపు తీసి మెట్ల మీదకి వచ్చింది, వెనకే హాసిని.

అతను ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు, అదే నాకు భయం వేసింది. "తప్పయిపోయింది సత్యా. అమ్మ మీద ఒట్టు. పిల్ల లేకుండా ఇల్లు శ్మశానంలా ఉంది" అన్నాడు. పెద్దమనుషుల్లో ఒకాయన గొంతు సవరించుకుని, "అమ్మాయ్, మగాడు ఇంతగా దిగొచ్చాడు. నువ్వూ కాస్త సర్దుకోవాలి" అన్నాడు. గంగాధరం వంగి, "నీకిష్టమని వేడివేడిగా వేయించుకొచ్చాను తల్లీ" అని హాసినికి పొట్లం చాపాడు. పిల్ల తల్లి మొహంలోకి చూసింది. సత్యవేణి కళ్ళు మెత్తబడ్డాయి. కింద వాకిట్లో ఆడవాళ్ళు మెట్ల దాకా వచ్చి ఆగిపోయారు. వెళ్ళొద్దని చెప్పే హక్కు తమకి ఉందో లేదో వాళ్ళకి తెలీదు. సత్యవేణి చెయ్యి పొట్లం దాకా వెళ్ళింది.

అప్పుడు గదిలోంచి చిట్టెమ్మ వచ్చింది. వెల్లుల్లి పొట్టు చీర మీంచి దులుపుకుంటూ కోడలి పక్కన నిలబడింది.

"గంగా, మీ నాన్న కూడా ఇలాగే ఏడ్చాడురా. మా పుట్టింటి గుమ్మంలో, నలుగురి ముందూ. ఆయన కూడా జిలేబీలే తెచ్చాడు."

"అమ్మా, నువ్వుండు..."

"నేను తిన్నానురా. తిని, నిన్ను కడుపులో పెట్టుకుని, ఆయన వెనకాల వెళ్ళాను."

సత్యవేణి చెయ్యి వెనక్కి తీసుకుంది. హాసినిని లోపలికి పంపింది, అత్తగారిని పంపింది, తను వచ్చి రెండు గడియలూ వేసింది. చిట్టెమ్మ గోడ పక్కన కూలబడి వెక్కివెక్కి ఏడుస్తుంటే, సత్యవేణి వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది.