ఒకటికి ఇరవయ్యా, ఒకటికి యాభయ్యా

కాస్త ఆగండి, ఇది వినండి. చేతిలో పని పక్కన పెట్టి మరీ వినండి. ఈ పళ్ళ డాక్టరు కథ మధ్యలో అందుకుంటే పాపం ఆయన పిచ్చోడిలా కనిపిస్తాడు. మొదట్నుంచీ విన్నా అలాగే కనిపిస్తాడనుకోండి, కానీ ఎందుకో తెలుస్తుంది.

పొద్దంతా జనం నోళ్ళలో గుయ్యిమనే మర పెట్టే మనిషికి ఇంటికొచ్చాక చెవులే ప్రాణం. పాట ఏ వైరులోంచి వస్తోందో, వైరుకీ వైరుకీ తేడా వినగలడు. ఫోన్లో ఇలాంటి చెవులవాళ్ళకో గ్రూపు ఉంది, అందులో ఆయన మాటకి తిరుగులేదు. "ఈ వైరులో వయొలిన్ కొంచెం దిగులుగా ఉంది" అని ఆయన రాస్తే చాలు, గ్రూపు గ్రూపంతా దిగులుపడిపోయేది.

అంతటి మహానుభావుడు ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్లు కొన్నాడు. వాటిలో వెంట్రుక కన్నా పల్చటి పొర ఒకటి, దానికి అటూ ఇటూ జల్లెడ లాంటి రేకులు ఉంటాయి. ఆ పొర ఊగాలంటే వందల వోల్టులు కావాలి. మామూలు స్పీకర్ ఆంప్లిఫయర్ ఇచ్చేది ఏ ఇరవయ్యో ముప్పయ్యో. వీటి కోసమే చేసిన ఆంప్లిఫయర్లు వేరే ఉంటాయి గానీ, వాటి ధర చూస్తే డాక్టరుగారికే మత్తివ్వకుండా పన్ను పీకినట్టయింది. మిగిలిన దారల్లా స్పీకర్ ఆంప్లిఫయర్‌కీ హెడ్‌ఫోన్లకీ మధ్య వోల్టేజి పెంచే ట్రాన్స్‌ఫార్మర్ల డబ్బా పెట్టుకోవడమే.

ఇంట్లో స్పీకర్ ఆంప్లిఫయర్ ఒకటి ఉంది. కాకపోతే అది ఆయనది కాదు, భార్యది. ఆవిడ ముందుగదిలో పిల్లలకి డాన్సు నేర్పుతుంది.

"తీసుకోండి, కాదనను," అంది ఆవిడ. "కానీ రేపు నా పిల్లల ప్రోగ్రాం. పాటలు దీంట్లోనే వెయ్యాలి, ఫంక్షన్ హాలు నిండా వాళ్ళ అమ్మానాన్నలుంటారు. దీనికేమన్నా అయిందో, మీ నెత్తిమీది ఆ హెడ్‌ఫోన్ల కిరీటం రేపటికి ఈ ఇంట్లో ఉండదు. ముందే చెప్తున్నా."

"నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా?"

"చిన్నపిల్లలు చెప్తే వింటారండీ," అని హాలు సర్దడానికి వెళ్ళిపోయింది.

ఆవిడ అటు వెళ్ళగానే ఇటు బామ్మర్ది దిగాడు. కాలేజీలో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్తాడు. వాడి గొంతు వింటే ఎంతమందికి ఎంత హాయిగా నిద్రపడుతుందో ఆ కాలేజీ బెంచీలనడగాలి. రెండు ట్రాన్స్‌ఫార్మర్ డబ్బాలు తీగ చుట్టించుకొచ్చాడు. ఒకటి వోల్టేజిని ఇరవై రెట్లు పెంచేది, రెండోది యాభై రెట్లు.

"బావా, ఇరవైదే పెట్టుకో. యాభైది ఊరికే చూడ్డానికి తెచ్చా."

"చూడ్డానికి నేనేమన్నా మ్యూజియం పెట్టానా? ఇరవై పెద్దదా, యాభై పెద్దదా?"

"అబ్బ, అది కాదు బావా. వోల్టేజి ఎన్ని రెట్లు పెంచితే ఆంప్లిఫయర్ మీద బరువు దాని వర్గమంత పడుతుంది. ఇరవైకి నాలుగొందలు, యాభైకి రెండువేల ఐదొందలు. అందులోనూ తాళాల్లాంటి సన్నటి మోత వచ్చిందంటే, ఆంప్లిఫయర్ రెండు తీగలూ కలిపి ముడేసి షార్టు చేసినట్టే. అక్క చంపేస్తుంది."

"మీ అక్క సంగతి నాకు చెప్తావేంట్రా, రోజూ చూసేవాణ్ణి నేను. పరీక్ష పెడదాం. చెవులే చెప్తాయి."

పరీక్ష అంటే ఏమనుకున్నారు? సౌండు నాబు మధ్యలో పెట్టి, క్లినిక్ నుంచి తెచ్చిన ప్లాస్టరు దాని మీద అంటించేశాడు. ఎందుకంటే మధ్యలో నాబు ముట్టుకుంటే పక్షపాతమట! ముందు ఇరవై డబ్బా. కళ్ళు మూసుకుని విని, "మంచోడే గానీ నోట్లో మాట లేదు," అన్నాడు. తర్వాత యాభై. ఒక్కసారిగా సోఫాలోంచి లేచాడు.

"తెర తీశారు రా! పాడేవాడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు!"

"సౌండు పెరిగింది బావా, అంతే."

"నీకున్నవి చెవులు కావు, కళ్ళజోడు పెట్టుకోడానికి కొక్కేలు."

ఆ ఊపులోనే గ్రూపులో ఇంతపొడుగు తీర్పు రాసి పారేశాడు. యాభై తప్ప ఇంకేదీ ట్రాన్స్‌ఫార్మరే కాదని. పొగడ్తలు టింగు టింగుమంటూ వచ్చి పడుతుంటే, ఇక పక్షపాతంతో పని లేదు కాబట్టి ప్లాస్టరు పీకి, తాళాలు జోరుగా మోగే పాట పెట్టి, నాబు ఇంకాస్త తిప్పాడు.

తాళం ఝల్లుమంది. ఆంప్లిఫయర్ టక్కుమంది. ఎర్రలైటు వెలిగింది. పాట లేదు, ఏమీ లేదు, వేడెక్కిన దుమ్ము వాసన తప్ప.

ఇద్దరూ దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు, ఆపరేషన్ గది బయట చుట్టాల్లాగా. చల్లారాక బామ్మర్ది స్విచ్చి నొక్కితే, దాని పుణ్యమా అని మళ్ళీ పలికింది. వాడు మాట్లాడకుండా యాభై డబ్బా పీకేసి, ఇరవై తగిలించి, నాబు పైకి తిప్పాడు. పాడేవాడు మళ్ళీ వచ్చి పక్కన కూర్చున్నాడు. అదే పాట, అదే గొంతు, అంతే దగ్గర.

"తెర తీశారా బావా?"

డాక్టరు హెడ్‌ఫోన్లు చెవులకి అదుముకున్నాడు. ఎడమవైపు ఎక్కడో సన్నగా 'చిట్' మంది.

"విన్నావా?"

బామ్మర్ది హెడ్‌ఫోన్లు లాక్కుని విన్నాడు. "ఏం లేదే."

ఆ చిట్ ఆంప్లిఫయర్‌దేనేమోనని దాన్ని డాన్సు క్లాసు స్పీకర్లకి తగిలించి చూశారు. డాక్టరుకి ఒకసారి వినబడినట్టే ఉంది. ఇంకోసారి లేదు. బామ్మర్దికి రెండుసార్లూ ఏమీ లేదు.

"వైరులో దిగులు విన్న చెవులే కదా బావా ఇవీ?" అన్నాడు వాడు, అవకాశం దొరికింది కదా అని.

ఇన్నేళ్ళలో మొదటిసారి డాక్టరుకి తన చెవుల మీద అనుమానం వచ్చింది. యాభైలో దిగొచ్చిన స్వర్గం నాబు తిప్పితే ఇరవైలోనూ దిగింది. మరి ఈ చిట్ నిజంగా ఉన్నట్టా, లేనట్టా? ఎవరినడగాలి? గ్రూపునా?

అంతలో ఆవిడ వచ్చేసింది. హాలు బాగా కుదిరినట్టుంది, మొహం వెలిగిపోతోంది. ఆంప్లిఫయర్ మీద చెయ్యేసి, ఠక్కున తీసింది.

"ఇంత వేడిగా ఉందేంటండీ? ఏమన్నా అయిందా?"

బామ్మర్దికి అప్పుడే పైకప్పు భలే నచ్చింది, దాన్నే చూస్తున్నాడు.

"ఏమన్నా అయితే ఇప్పుడే చెప్పండి. ఎవరినన్నా అడిగి ఇంకోటి తెచ్చుకుంటా. రేపు అంతమంది ముందు పాట మధ్యలో ఆగిపోతే పిల్లలు కాలు ఎత్తినవాళ్ళు ఎత్తినట్టే ఉండిపోతారు. వాళ్ళ మొహాలు నేను చూడలేనండీ."

అయిందంటే, ఉందో లేదో తెలియని ఒక్క చిట్ కోసం హెడ్‌ఫోన్లు ఇల్లు దాటుతాయి. కాలేదంటే, ఆ చిట్ నిజమే అయితే, రేపు హాల్లో అది ఆయనొక్కడికే వినబడి ఊరుకోదు. ఆవిడ తువ్వాలు చేతికి చుట్టుకుని, ఆంప్లిఫయర్ ఎత్తడానికి వంగి, జవాబు కోసం ఆయన వంకే చూస్తోంది.

ఆ చెవులు మీవైతే, ఆవిడకి ఏం చెప్తారు?