ఎవరూ వెయ్యని కుర్చీ

నేను ఒక ప్లాస్టిక్ కుర్చీని. ఎర్ర రంగు, చేతులున్న రకం, వీపున చిల్లుల డిజైను. మీరు నా మీద కూర్చునే ఉంటారు. నా మీద కాకపోతే నాలాంటి ఇంకోదాని మీద. పెళ్ళిలో భోజనం పిలుపు కోసం చూస్తూనో, మీటింగులో నాయకుడు ఎప్పుడొస్తాడా అని ఆవలిస్తూనో, చావింట్లో ఎంతసేపు కూర్చుంటే మర్యాదగా ఉంటుందా అని ఆలోచిస్తూనో. లేచి వెళ్ళేటప్పుడు ఒక్కసారైనా వెనక్కి తిరిగి నన్ను చూసిన మనిషి లేడు. దానికి నాకేం కోపం లేదు. నా కోపం వేరే ఉంది, అది చెప్పుకోవడానికే ఈ కథ.

పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోవడానికి ఏమీ లేదు. కరిగిన ప్లాస్టిక్‌ని అచ్చులోకి కొట్టారు, చల్లార్చారు, మీరు తుమ్మి ముక్కు తుడుచుకునేలోగా నేను పుట్టేశాను. నాతో పుట్టినవాళ్ళందరిదీ ఒకే మొహం. ఒకరి ఒళ్ళో ఒకరం కూర్చుని లారీలో మండపేట చేరాం. అక్కడ పాపాయమ్మ షామియానా సప్లై కంపెనీ వాళ్ళు మమ్మల్ని కొని, వీపు మీద తెల్ల పెయింటుతో యజమానురాలి పేరు రాశారు. ఆ రోజు నుంచి నా పేరు కూడా పాపాయమ్మే.

అసలు పాపాయమ్మ నోరు ఆ పేటంతటికీ తెలుసు. సామాను దింపేచోట తనే నిలబడాలి, ఎత్తేచోట తనే నిలబడాలి. మా మీద ఎక్కి సీరియల్ బల్బులు కట్టినవాళ్ళని ఆవిడ తిట్టిన తిట్లు నేనిక్కడ చెప్పను. ఆవిడకి ఒక అలవాటు ఉండేది. బారసాల ఇంటికి కుర్చీలు వేయించడానికి వెళ్తే ముందు ఉయ్యాల దగ్గరికి వెళ్ళి తొంగి చూసి, ఎవరి పోలికమ్మా అని అడుగుతుంది. వాళ్ళు జవాబు చెప్పేలోగా తనే తేల్చేస్తుంది. ముక్కు నాయనమ్మది, నుదురు మేనమామది, పంతం మాత్రం తండ్రిదే అని. పిల్లవాడికి పంతం ఉందని ఆవిడకెలా తెలుసో నాకు తెలియదు.

పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ నేను చాలా తిరిగాను. కానీ మనుషులు నాకు బాగా అర్థమైంది మాత్రం చావిళ్ళలోనే. అక్కడ కుర్చీల వరసలే చెబుతాయి, ఏ దుఃఖం ఎంత పెద్దదో. ముందు వరస రక్తసంబంధానికి, తరవాత వరస బంధుత్వానికి, ఆ తరవాత పదవులకీ పలుకుబడికీ. చెప్పుల కుప్ప పక్కన ఉన్న ఆఖరి వరస మిగిలినవాళ్ళకి. మీ ఏడుపు మీ సీటుని బట్టే. ముందు వరసవాడు కన్ను తుడుచుకుంటే నలుగురు భుజం తడతారు. ఆఖరి వరసవాడు తుడుచుకుంటే దుమ్ము పడిందా అని అడుగుతారు.

మాఘమాసంలో ధర్మారావు గారు పోయారు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన చెవులు చాలా పెద్దవి, పలకల్లా బయటికి ఉండేవి. పెన్ను పెట్టుకోవడానికే దేవుడు అలా చేశాడని ఊళ్ళో వేళాకోళం. ఉద్యోగం మానేశాక కూడా ఆ పెన్ను చెవి మీదే ఉండేది. ఒక ఉదయం పెన్నుతో సహా నిద్రలోనే వెళ్ళిపోయారు. గంట తిరక్కుండా మేము ఆ వాకిట్లో దిగాం. ఊరంతా వచ్చింది. ఆయన భార్య వెంకాయమ్మ గారిని పట్టుకుని ఏడవడానికి ఆడవాళ్ళు వంతులు వేసుకున్నారు. దుఃఖానికి అంత ఏర్పాటు, అంత మర్యాద. అది తప్పని నేననను. మనిషికి అది కావాలి.

కానీ ఆ ఇంట్లోనే కోడలు కుసుమ వెనక గదిలో ఒక్కతీ ఉంది. ఆరో నెల కడుపు. కడుపుతో ఉన్నవాళ్ళు శవాన్ని చూడకూడదని పెద్దవాళ్ళు తలుపు వేసేశారు. కుసుమకి తల్లీ తండ్రీ లేరు. కాపరానికి వచ్చిన రోజు నుంచీ మామగారే ఆమెకి ఇంటి మనిషి. సాయంత్రం పకోడీల పొట్లం తెచ్చి, "టికెట్ తీసుకోమ్మా" అని చేతిలో పెట్టేవారు. ఆ మనిషిని సాగనంపేటప్పుడు ఆమెని కిటికీ దగ్గరికి కూడా రానివ్వలేదు. కడుపులో బిడ్డ కోసమేగా అన్నారు. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

నేను ఆ రోజు ఆఖరి వరసలో ఉన్నాను. నా మీద డ్రైవర్ ఏసుపాదం కూర్చున్నాడు. ఒకే బస్సులో ఏళ్ళ తరబడి ఆయన స్టీరింగు, ధర్మారావు గారు గంట. భార్యలతో గడిపినదానికంటే వాళ్ళిద్దరూ కలిసి గడిపిన కాలమే ఎక్కువ. ఆయన్ని ఎవరూ పలకరించలేదు. కాఫీ గ్లాసులు కూడా ఆ వరస దాకా రాలేదు. దినకార్యం రోజున మళ్ళీ వచ్చాడు, మళ్ళీ అక్కడే. భోజనాల హడావుడిలో లేచి, నన్ను చేత్తో పట్టుకుని ఇంటి వెనక్కి నడిచాడు. బట్టలుతికే రాయి పక్కన నన్ను వేసుకుని కూర్చుని, భుజం మీద తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. తరవాత మొహం కడుక్కుని, భోజనం చెయ్యకుండా వెళ్ళిపోయాడు. నన్ను అక్కడే మర్చిపోయాడు. పాపాయమ్మ మనుషులు సామాను ఎత్తుకున్నప్పుడు వెనక్కి ఎవరూ చూడలేదు.

ఇక్కడ మీ ఆచారం ఒకటి చెప్పాలి. పరామర్శకి వచ్చినవాళ్ళు లేచేటప్పుడు వెళ్ళొస్తామని చెప్పకూడదట. చెబితే అలాంటి పని మీదే ఆ ఇంటికి మళ్ళీ రావలసి వస్తుందని భయం. అందుకే చెప్పకుండా లేచి వెళ్ళిపోతారు. సరే, భయం ఎవరికి లేదు. కానీ చెప్పకుండా వెళ్ళడం అలవాటైనవాళ్ళకి మళ్ళీ రాకపోవడం కూడా అలవాటైపోయింది. దినకార్యం అయిన మర్నాడు ఆ వాకిట్లో వెంకాయమ్మ గారు, ఊడ్చిన విస్తరాకు ముక్కలు తప్ప ఎవరూ లేరు.

వైశాఖంలో కుసుమకి నెలలు నిండుతుండగా ఒకరోజు కడుపులో కదలిక ఆగిపోయింది. ఆస్పత్రికి తీసుకెళ్ళారు. మగపిల్లవాడు. ఏడవలేదు. ఆమె భర్త గోవిందు, అతని మేనమామ కలిసి బిడ్డని తువ్వాలులో చుట్టి అటునుంచి అటే కాలవగట్టుకి తీసుకెళ్ళిపోయారు. తల్లికి చూపించకూడదు, చూస్తే బెంగ పెట్టుకుంటుంది అన్నారట. మామగారిని బిడ్డ కోసం చూడనివ్వలేదు, బిడ్డనేమో ఆమె కోసమే చూడనివ్వలేదు. ఆమెకేం కావాలో ఆమెని ఒక్కసారి అడిగినవాళ్ళు లేరు.

నేను ఎదురుచూశాను. నవ్వుకోండి. పాపాయమ్మ ట్రాలీ వస్తుందని, మావాళ్ళు వాకిట్లో దిగుతారని, వెనక పడి ఉన్న నన్ను కూడా వరసలో కలుపుతారని అనుకున్నాను. ఆ ఇంట్లో ఒక మనిషి పోయాడు కదా. ట్రాలీ రాలేదు. షామియానా లేదు. ఒక్క కుర్చీ వెయ్యలేదు. దినం లేదు, నెలమాసికం లేదు, గోడ మీద ఫోటో లేదు. పేరే పెట్టని పిల్లవాడికి ఏ పేరు మీద చేస్తారు? పురుడు లేదు, మైల లేదు. ఎండలో పడి వెలిసిపోవడమే తప్ప ఏడవడం చేతకాని ప్లాస్టిక్‌ని నేను. నాకే ఒళ్ళు మండింది.

నలుగురైదుగురు ఆడవాళ్ళు పెరటి దారిన వచ్చారు, ఏదో దొంగపని మీద వచ్చినట్టు. చిన్నదానివి, మళ్ళీ పుడతారులే అంది ఒకావిడ. పెరిగి పెద్దయ్యాక పోతే ఇంకా కష్టం కదా అని ఇంకో ఆవిడ ఓదార్చింది. మరొకావిడ గొంతు తగ్గించి, ఇంట్లో పీనుగ లేచినప్పుడు ఈ అమ్మాయి కిటికీలోంచి చూసే ఉంటుంది, లేకపోతే ఇలా ఎందుకవుతుంది అంది. చాకలిరాయి దగ్గర అన్న ఆ మాట నాకు వినపడింది, కుసుమకీ వినపడింది. ఆ క్షణంలో ఆవిడ వచ్చి నా మీద కూర్చుని ఉంటే నా కాలు నేనే విరగ్గొట్టుకుని ఆవిణ్ణి పడేసేదాన్ని.

గోవిందు చెడ్డవాడు కాదు. ఉయ్యాల ఎవరికో ఇచ్చేశాడు, చిన్న చొక్కాలు మూటగట్టి పంపేశాడు, ఇంట్లో ఆ ఊసు ఎవరూ ఎత్తకూడదన్నాడు. కనపడకపోతే మర్చిపోతుందనుకున్నాడు. అతను కూడా సిమెంటు కొట్టు నుంచి రోజూ ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు. అతని ఏడుపు ఎక్కడ ఏడ్చాడో నాకు తెలియదు, నా దగ్గరికి మాత్రం రాలేదు.

మర్చిపొమ్మని ఒంటికి మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. కుసుమకి పాలు పడ్డాయి. జాకెట్టు తడుస్తుంటే కొంగు కప్పుకుని పెరట్లోకి వచ్చి నా మీద కూర్చునేది. పాలు ఇంకిపోవడానికి మల్లెపూలు కట్టాలని ఎవరో చెప్పారు. వెంకాయమ్మ గారు పూలు తెప్పించి, ఆ రాయి మీదే కూర్చుని దండ కట్టారు. మొన్నటిదాకా తన తలలో పెట్టుకున్న పూలు. ఇప్పుడు తను పెట్టుకోకూడదు, కోడలు తలలో పెట్టుకోవడానికీ కాదు. అత్తా కోడళ్ళిద్దరూ ఆ పూల వంకే చూస్తూ కూర్చున్నారు. ఒక ఇంట్లో రెండు దుఃఖాలు, ఒకదానికి ఊరంతా సాక్ష్యం, రెండోదానికి నేనొక్కదాన్ని.

ఆమెకి కావలసింది పెద్దదేం కాదు. ఎవరైనా ఒకరు కూర్చుని, ఆ బిడ్డ ఉన్నాడని ఒప్పుకుంటే చాలు. అంతే. నేను కుర్చీని కాబట్టి నాకు తెలిసింది. ఆమె నా అంచు మీద కూర్చునేది, పక్కన ఇంకెవరికో చోటు ఉంచినట్టు.

జ్యేష్ఠంలో ముహూర్తాలు ముసురుకున్నాయి. పాపాయమ్మ దొంతరలు సరిచూస్తే ఒకటి తగ్గింది. ఒక మధ్యాహ్నం ధర్మారావు గారి వాకిట్లో నిలబడి, "వదినా, మా కుర్చీ ఒకటి మీ దగ్గరే ఉండిపోయిందండి, ఇంకెక్కడా లేదు, నేను అందర్నీ అడిగేను" అని గట్టిగా మొదలుపెట్టింది. వెంకాయమ్మ గారు తరవాత పంపిస్తామన్నారు. ఆవిడ వినలేదు, పక్కసందులోంచి పెరట్లోకి వచ్చేసింది. నా మీద కుసుమ ఉంది. దొంగ దొరికినట్టు పాపాయమ్మ మొహం వెలిగింది, తరవాత ఆ అమ్మాయిని చూసి ఆరిపోయింది. పేటలో అందరికీ తెలిసిన సంగతి ఆవిడకీ తెలుసు.

కుసుమ లేచి నిలబడింది. పాపాయమ్మ నా చెయ్యి పట్టుకుంది కానీ ఎత్తలేదు. ఏదో అనాలి, ఏమనాలో తెలియదు. పసిబిడ్డ తల్లుల ముందు ఇన్నేళ్ళుగా ఏం అంటూ వచ్చిందో అదే నోట్లోంచి జారిపోయింది.

"ఎవరి పోలికమ్మా?"

అన్నాక గానీ ఏమన్నానో ఆవిడకి తెలియలేదు. కొంగుతో నోరు మూసుకుంది. వంటింటి గుమ్మంలోకి వచ్చిన వెంకాయమ్మ గారు అక్కడే ఆగిపోయారు. కోడలు ఇప్పుడు కూలబడుతుందని ఇద్దరూ అనుకున్నారు.

కుసుమ మెల్లిగా మళ్ళీ కూర్చుంది.

"మా మావయ్యగారి పోలిక, పిన్నిగారూ" అంది. "నాకు చూపించలేదనుకుంటున్నారు అందరూ. తువ్వాల్లో చుట్టే ముందు ఆస్పత్రి ఆయా ఒక్కసారి చూపించింది. చెవులు... అచ్చం మావయ్యగారి చెవులే."

ఆ మాట చెప్పాక ఆమె ఆగలేదు. జుట్టు ఎంత ఒత్తుగా ఉందో, గుప్పిట ఎలా మూసుకుని ఉందో, పెదవి మీద చిన్న గీత ఎక్కడుందో చెప్పింది. కుక్కుకుని దాచుకున్నదంతా చెప్పింది. పాపాయమ్మ చాకలిరాయి మీద కూర్చుండిపోయింది. నోరు పెద్దదైన మనిషి ఆ మధ్యాహ్నం ఊఁ కొట్టడం తప్ప ఏమీ చెయ్యలేదు. ముక్కెవరిదో, పంతమెవరిదో ఈసారి తను తేల్చలేదు.

వెంకాయమ్మ గారు గుమ్మం దిగి వచ్చారు. కోడలి కాళ్ళ దగ్గర నేల మీదే కూర్చున్నారు.

"అంత పెద్ద చెవులేనా?" అని అడిగారు.

"అంతే, అత్తయ్యా."

"అయితే పెన్ను నిలబడేది" అన్నారావిడ. ఆ తరవాత కోడలి ఒళ్ళో తల పెట్టి ఏడ్చారు. ఊళ్ళో ఆడవాళ్ళంతా వంతులేసుకుని పట్టుకున్నప్పుడు కూడా ఆవిడ అలా ఏడవలేదు. కుసుమ ఆవిడ వీపు మీద చెయ్యి వేసి తనూ ఏడ్చింది. ఇద్దరి బరువూ నా నాలుగు కాళ్ళ మీద పడింది. ఒక కాలి దగ్గర పగులు వచ్చింది కూడా. రానివ్వండి.

చాలాసేపటికి పాపాయమ్మ లేచింది. నా వంక చూసింది. వెనక్కి తిరిగి నన్ను చూసిన మొదటి మనిషి ఆవిడే అయింది. నన్ను ఎత్తుకోలేదు. సందు దాకా వెళ్ళి ఆగి, అలవాటు ప్రకారం మాట్లాడకుండా వెళ్ళాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించింది.

"వెళ్ళొస్తాను వదినా" అంది.

వెంకాయమ్మ గారు కళ్ళు తుడుచుకుని తలెత్తారు. "రా" అన్నారు.

మర్నాడు వచ్చింది. ఆ తరవాత కూడా, ముహూర్తాల మధ్య తీరిక దొరికినప్పుడల్లా. ఒకసారి ఏసుపాదాన్ని కూడా ట్రాలీ మీద ఎక్కించుకుని తీసుకొచ్చింది. ఆయన నా మీద కూర్చుని, కాఫీ తాగుతూ ధర్మారావు గారి సంగతులు చెబితే అత్తా కోడళ్ళు నవ్వారు. ఆ రోజు గోవిందు కొట్టు నుంచి పెందరాళే వచ్చి, గుమ్మంలో నిలబడి విన్నాడు. తరవాత గుమ్మం మీదే కూర్చున్నాడు. బిడ్డ కాలవగట్టున ఏ చెట్టు పక్కన ఉన్నాడో భార్యకి అప్పుడు చెప్పాడు.

ఇప్పుడు నా ఎరుపు వెలిసిపోయింది. వీపు మీద పేరులో సగం అక్షరాలు ఊడిపోయాయి, పగిలిన కాలికి ఇనప తీగ కట్టారు. మొన్న పాత ప్లాస్టిక్ కొనేవాడు పెరట్లోకి తొంగి చూసి, ఆ విరిగిన కుర్చీ ఇచ్చేస్తారా అని అడిగాడు. వెంకాయమ్మ గారు చిక్కుడుకాయలు తుంచుతూ తల కూడా ఎత్తలేదు.

"అది ఇచ్చేది కాదు బాబూ" అన్నారు. "దాని మీద కూర్చోడానికి మనుషులొస్తారు."