వదినగారు పారబోసిన డ్రమ్ము

మా ఊళ్లో నూట ఇరవై గడపలు. ఆ గడపలన్నిటి మరుగుదొడ్ల గుట్టూ తెలిసినావిడ ఒక్కతే, ఊరి చివర మురుగునీటి ప్లాంటు నడిపే ఆపరేటరు. చాటున ఆవిడని ‘కంపు’ అనేవాళ్లు. మొహం మీద అనలేక ‘కంపెనీ’ అని దిద్దారు. ఆవిడా పలికేది.

ప్లాంటంటే పెద్ద సంగతేం కాదు. ఒక సిమెంటు ట్యాంకు, అడుగునుంచి గాలి కొట్టే మోటారు. ఆ గాలి పీల్చుకుంటూ కోటానుకోట్ల సూక్ష్మజీవులు మనం వదిలేసిందంతా సుష్టుగా తిని, నీళ్లని తేటగా వదులుతాయి. కంపెనీ రోజూ పొద్దున్నే గాజు జాడీలో ట్యాంకు నీళ్లు ముంచి అరగంట ఆగేది. గోధుమరంగు మడ్డి అడుక్కి దిగి పైన నీరు తేరితే, అంతా బాగున్నట్టే.

ఒక బుధవారం మడ్డి దిగలేదు. ట్యాంకు మీద తెల్లటి నురగ. మధ్యాహ్నానికి కుళ్లిన గుడ్ల వాసన ఊరి మీద పడింది. ఊరిపెద్ద ముక్కు మూసుకుని పరిగెత్తుకొచ్చాడు.

“ఏబైందబ్బా?”

“పోయాయండీ.”

“ఎవరూ?”

“పురుగులు. ఎవరో కాలవలో విషం పోశారు.”

కంపెనీ వీధిలో మ్యాన్‌హోల్ మూతలు ఒక్కొక్కటే తీసి, మోకాళ్ల మీద కూర్చుని వాసన చూస్తూ వెళ్లింది. ఏడో మూత దగ్గర కళ్లు భగ్గున మండాయి. బ్లీచింగు! తలెత్తితే ఎదురుగా లాండ్రీ. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీ ఆవిడ పెద్దాడపడుచుది. ఆ వదినగారి శుభ్రం ముందు సబ్బు కూడా మైలే.

“వదినా, కాలవలో ఏం పోశారు?”

“పాతబడిపోయిన బ్లీచింగు నీళ్లే. ఒక డ్రమ్ముడు. నీకూ కాస్త పని తప్పుతుందని పోశానే!”

“మీరు చంపింది మురికిని కాదు వదినా, మురికి తినేవాళ్లని. వంట మిగిలింది, పంక్తిలో కూర్చున్నవాళ్లే పోయారు.”

వదినగారి మొహం పాలిపోయింది. “ఇప్పుడేం చెయ్యాలే?”

“పక్కూరి ప్లాంటు నుంచి పురుగులు బతికున్న మడ్డి తెచ్చి పోయాలి. వ్యాను మీకొక్కరికే ఉంది.”

“దుప్పట్లు మోసే వ్యానులోనా!”

“పోనీ, డ్రమ్ము సంగతి ఊరిపెద్దకి చెప్పమంటారా?”

వదినగారు తాళాలు తీసింది.

బ్లీచింగు పోయేదాకా రెండు రోజులు ట్యాంకు కడిగి, శుక్రవారం ఇద్దరూ బయల్దేరారు. వచ్చేటప్పుడు వ్యాను కంపెనీ నడుపుతుంటే, వెనకాల ఇరవై క్యాన్ల మధ్య వదినగారు కూర్చుంది. ఊరి మొదట్లో స్పీడు బ్రేకరు దగ్గర ఒక క్యాను మూత ఎగిరింది. ఆవిడ క్యానుని కన్నబిడ్డలా కావలించుకుంది. దిగేసరికి ఏ రంగు చీర కట్టుకుందో చెప్పడం కష్టమైంది.

“అయ్యో వదినా! ఎంత ఒలికిపోయింది?”

“చుక్క కూడా కింద పడనివ్వలేదే.”

“మరి మీ మీదున్నదో?”

“అదీ పిండి పోస్తా,” అని ట్యాంకు గట్టు మీద నిలబడి కొంగు పిండింది. చెయ్యి తిరిగిన పనే, బాగా పిండింది.

అంతలో ఊరిపెద్ద వచ్చాడు. “ఆ విషం పోసిందెవరో తేలిందా?”

“తేలలేదండీ,” అంది కంపెనీ, తల తిప్పకుండా.

“నేనే,” అంది వదినగారు.

తిట్టాలంటే ఆయన దగ్గరికి రావాలి. రెండడుగులు వేసి, ముక్కు సహకరించక వెనక్కి తిరిగిపోయాడు.

“ఎందుకు చెప్పారు వదినా? నేను దాచానుగా!”

“మూడు రోజులుగా ఊరు నిన్ను తిడుతుంటే గుమ్మంలో నిలబడి విన్నానే. ఇంక వినలేను.”

 కంపెనీ గొట్టం విప్పి వదినగారి కాళ్ల మీద నీళ్లు పట్టింది. ఊరి కంపు వదలడానికి తొమ్మిది రోజులు పట్టింది. వదినగారిది వదలడానికి పన్నెండు.