లూజు కలిపిన కొలత

తిరువూరులో మా ఖాలా, అంటే మా అమ్మ చెల్లెలు నూర్‌బీకి టైలరింగ్ షాపు ఉంది. నేను వినగడప హైస్కూల్లో పదో తరగతి అయ్యాక డిప్లొమా చదవడానికి వచ్చి ఆమె ఇంట్లోనే ఉంటున్నాను. కంప్యూటర్స్, రెండో సంవత్సరం. నలుగురిలో నోరు తెరవలేను. చెప్పాలనుకున్నవి డైరీలో రాసుకుంటాను.

జూన్‌లో ఒక స్కూలు నుంచి నూట ఇరవై చుడీదార్ టాపుల ఆర్డరు వచ్చింది. గుడ్డ వాళ్లే ఇచ్చారు, పిల్లకొక ముక్క చొప్పున. చిన్నగా కోసేస్తే ఇంకో ముక్క రాదు. కొలతల పుస్తకాన్ని డేటాబేస్‌లోకి ఎక్కిస్తానని నేనే అన్నాను. పేరు, తరగతి, చెస్టు, షోల్డరు, పొడవు, చేతులు అన్నీ కొట్టాను. చెస్టుకు నాలుగు అంగుళాల లూజు కలిపి కటింగ్ కొలత చూపించేలా ప్రోగ్రాం రాశాను. ఎంత బాగా చేశానో అని నాకు నేనే మురిసిపోయాను.

శుక్రవారం మచ్చుకు రెండు టాపులు కుట్టారు. మొదటిది సరిపోయింది. రెండోది వేసుకున్న పిల్ల పేరు భానుశ్రీ. భుజాల కింద గుడ్డంతా సంచిలా వేలాడింది.

కటింగ్ చేసే జోజమ్మ పెద్దమ్మ పగలబడి నవ్వింది. "ఓసినీ! ఇందులో ఇంకో పిల్ల కూడా పడుతుందే!"

ఖాలా నవ్వలేదు. "మెహనాజ్, ఏంటిది?"

"పుస్తకంలో ముప్ఫై ఆరే ఉంది ఖాలా," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

జోజమ్మ పెద్దమ్మ పుస్తకం లాక్కుని చూసింది. "ఇది నూర్‌బీ రాతే పిల్లా. నీలం పెన్ను. ఆది టాపు బల్ల మీద పరిచి కొలిచింది. కుట్టిన బట్టలో లూజు ముందే ఉంటది కదా, మళ్లీ నాలుగు కలుపుతావా? నా పెన్సిలు రాతకైతే కలపాలి. నేను పిల్లల ఒంటి మీద టేపు పెట్టి కొలిచాను."

"ఆ సంగతి పుస్తకంలో ఎక్కడా రాయలేదు కదా!"

"రాయడమెందుకే? రాత చూస్తే తెలీదూ?"

కొలతలు తీసిన రోజు స్కూలుకు రాని పిల్లలంతా తర్వాత కొలత కోసం తమకు సరిపోయే పాత టాపులను ఆదిగా పంపించారట. అంకెలన్నీ నేను తప్పు లేకుండా ఎక్కించాను. వాటి అర్థం చెప్పే చేతిరాత మాత్రం బయటే ఉండిపోయింది.

"సోమవారం కటింగ్," అంది ఖాలా. "ఈలోపు సరిచెయ్యి. లేదంటే మనకు పుస్తకమే గతి. నీ కంప్యూటర్ మూటగట్టి వినగడప పంపించేస్తా."

ఏ పిల్ల కొలత ఎవరు తీశారో ముందు నా డైరీలో రాసుకున్నాను. అది చాలదని ఖాలా అడిగిన ఒక్క ప్రశ్నతో తేలిపోయింది. "సోమవారం నీకు పరీక్ష. నువ్వు కాలేజీకి పోతే మేం ఎవర్ని అడగాలి?"

"డైరీ ఇక్కడ పెట్టిపోతే సరి," అంది జోజమ్మ పెద్దమ్మ. అన్నం తిన్నాక ఆమె పెట్టే గురక గురించి అందులో రెండు పేజీలున్నాయి. డైరీని గబుక్కున సంచిలో దాచేశాను.

ఆదివారమంతా కూర్చున్నాను. చెస్టు అనే ఒక్క నిలువు వరుసను రెండు చేశాను: ఒంటి చెస్టు, ఆది చెస్టు. పుస్తకంలోని రాత చూసుకుంటూ అంకెల్ని విడదీశాను. తర్వాత 'పరిచయం' అని ఇంకో పట్టిక పెట్టాను. ఏ నిలువు వరుసలో ఏముంది, ఎవరు కొలిచారు, ఎలా కొలిచారు, లూజు కలిసిందా లేదా అన్నీ అందులో ఉంటాయి. పిల్ల పేరు వెతికే గడిలోనే 'ఆది చెస్టు' అని కొడితే దాని వివరం వస్తుంది. పిల్ల పేరు కొట్టి కొలత చూసినా అంకె కిందే ఆ వివరం కనపడుతుంది. లూజు కలపాలో వద్దో ప్రోగ్రాం కూడా అక్కడే చూసుకుంటుంది. చివరికి 'పరిచయం' అంటే ఏమిటో చెప్పే వరుస కూడా అందులోనే రాశాను.

అది చూసి జోజమ్మ పెద్దమ్మ గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది. "తన గురించి తనే చెప్పుకుంటదా? నీకంటే నయమే!"

సోమవారం పరీక్షలో ఏం రాశానో గుర్తులేదు. కళ్ల ముందు కత్తెరే ఆడింది. నాలుగింటికి బస్సు దిగి షాపుకు పరుగెత్తాను.

కోసిన ముక్కలు తరగతుల వారీగా కట్టలు కట్టి ఉన్నాయి. ఆది పంపిన పిల్లల్లో ఒకమ్మాయి అప్పుడే కుట్టిన టాపు వేసుకుని అద్దం ముందు నిలబడింది. చేతులు పైకెత్తింది, వంగింది, గిర్రున తిరిగింది. ఎక్కడా వేలాడలేదు, ఎక్కడా బిగుసుకోలేదు.

"నూట పద్దెనిమిదీ కోసేశాం," అంది ఖాలా. "పుస్తకం తెరవలేదు. నీకు ఫోనూ చెయ్యలేదు."

"అన్నీ అదే చెప్పింది," అని జోజమ్మ పెద్దమ్మ నన్ను కంప్యూటర్ ముందుకు లాగింది. "కానీ చేతుల సంగతి నువ్వు రాయలేదు. నేనే కొట్టించా, చూడు."

'పరిచయం' పట్టికలో నేను రాయని కొత్త వరుస ఒకటి ఉంది. 'చేతుల పొడవు. ఒంటి మీదవి జోజమ్మ, ఆదివి నూర్‌బీ కొలిచారు. భుజం నుంచి మోచేయి పైదాకా. మడత కలపలేదు, కలుపుకోండి.'

నేను గట్టిగా నవ్వాను. అద్దం ముందున్న అమ్మాయి తిరిగి చూసింది. అయినా నవ్వు ఆపలేదు.