మొగిలమ్మ పీలికల తాడు

“సూదిచ్చుడే గద నీ పని, దానికింత అలుపేంది?” అన్నాడు మా ఆయన సత్యనారాయణ. అప్పటికి నేను మూడు టిఫిన్ డబ్బాలు కట్టి, అత్తమ్మకు నీళ్లు కాచి పెట్టి, బస్సుకు పరుగెత్తబోతున్నాను. కోపంతో అన్న మాట కాదు. ఆయనకు నిజంగానే తెలియదు. పెళ్లయిన తొమ్మిదేళ్లలో నేను పనిచేసే చోటు ఒక్కసారీ చూడలేదు. అత్తమ్మ లక్ష్మీనర్సమ్మ చుట్టాలతో “మా సుగుణ దవాఖానల చేస్తది” అని ఊరుకుంటుంది, ఏం చేస్తానో చెప్పదు. నేనూ ఎన్నడూ చెప్పలేదు. చెప్పుకునేంత పనని నాకే అనిపించేది కాదు. గాజు సిరంజీలు ఉడికించడం, సూదులు నూరడం, చీటీలు వరుసలో పెట్టడం, డాక్టరు గారు పిలిస్తే పలకడం. ఇంట్లో చేసేదే అక్కడా చేస్తున్నట్టు ఉండేది. తెల్లచీర ఒక్కటే తేడా.

అది 1981. వరంగల్‌లో మా దవాఖానలో గురువారాలు చక్కెర జబ్బు వాళ్లను చూసేవాళ్లం. ఎక్కువమంది యాభై దాటినవాళ్లే. పిల్లలు ఆరుగురు. వాళ్లూ పెద్దల వెనకే నిలబడేవాళ్లు, వంతు వచ్చేసరికి పన్నెండయ్యేది. మూత్రం పరీక్ష, ఒక చూపు, చీటీ మీద ఒక అంకె, అంతే. బరువు చూసే మిషను మూలన ఉండేది. దాని మీద పిల్లల్ని నిలబెట్టిన వాళ్లు లేరు. రోజూ సూది పొడిచే చోట కాయ కట్టిందో, పాదాల మీద పుండ్లున్నాయో ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు.

ఆ ఆరుగురిలో ఒకతి అరుణ. పదకొండేళ్లు. తల్లి మొగిలమ్మ నెక్కొండ నుంచి తెల్లవారే ప్యాసింజరులో తీసుకొచ్చేది. కూలి చేసుకునే మనిషి, అక్షరం రాదు. జబ్బు బయటపడి పిల్ల ఇరవై రోజులు వార్డులో ఉన్నప్పుడు సూది వేయడం ఆమెకు నేనే నేర్పాను. అంకెలు రావు కనుక సిరంజి మీద గీతలు లెక్కపెట్టి మందు తీసేది. నీలం మందు సీసా, గాజు గొట్టం ఇచ్చి, అందులో మూత్రం చుక్కలు వేసి కాచి రంగు చూడమని చెప్పాం. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. పచ్చబడితే కొంచెం, పసుపైతే ఇంకొంచెం, ఇటుక రంగు తిరిగితే బాగా ఎక్కువ. ఇది అందరికీ చెప్తాం. ఇంటికి పోయి చేసేవాళ్లు తక్కువ.

దవాఖానకు వచ్చిన ప్రతిసారీ అరుణకు ఇటుక రంగే వచ్చేది. డాక్టర్ కిషన్ రావు గారు నెలనెలా మందు రెండు గీతలు పెంచమనేవారు. ఒకనాడు మొగిలమ్మ మెల్లగా అంది, “సారూ, ఇంట్ల గీ రంగు రాదు. నేను పెంచలే. మొదాలు చెప్పినంతనే ఇస్తున్న.”

ఆయన కలం ఆగింది. “డాక్టర్ నువ్వా, నేనా?”

వరుసలో ఎవరో నవ్వారు. ఆమె తల దించుకుంది. కిషన్ రావు గారు చెడ్డవారు కాదు, ఒక్క పూటలో వంద మందిని చూడాల్సిన మనిషి. కానీ ఆ మాట మా ఇంట్లో వినే మాటలాగే నా చెవిన పడింది. అయినా నేను చీటీలు సర్దుతూనే ఉండిపోయాను.

ఆ నెల ఆమె సారు చెప్పినంతా ఇచ్చింది. అరుణ బడిలో డ్రిల్లు చేస్తూ, చెమటలు పట్టి, చేతులు వణికి కూలబడింది. మందు ఎక్కువై ఒంట్లో చక్కెర పడిపోతే ఇలా కావచ్చని మొగిలమ్మ ముందే టీచరమ్మకు చెప్పి, ఒక చక్కెర పొట్లం ఆమె దగ్గర ఉంచింది. పిల్లకు ఇంకా తెలివుండగానే టీచరమ్మ చక్కెర నీళ్లు తాగించింది కాబట్టి గండం గడిచింది.

తర్వాతి గురువారం మొగిలమ్మ వరుసలో నిలబడలేదు. నేరుగా నా దగ్గరికొచ్చి సంచిలోంచి ఒక తాడు చుట్ట తీసింది. దాని నిండా గుడ్డ పీలికలు ముడేసి ఉన్నాయి. నీలం, పచ్చ, పసుపు, ఎరుపు. దర్జీ దగ్గర ఏరుకొచ్చిందట.

“దినానికొక్కటి కట్టిన సిస్టరమ్మా. ఏ రంగొస్తే ఆ పీలిక. బిడ్డకు చెమటలు వట్టిన నాడు నల్లది గూడ కట్టిన.”

తాడును చేతుల్లో జరుపుకుంటూ చూశాను. నీలం, నీలం, పచ్చ, నీలం. ఎర్రది నెలకొక్కటే. అది ఏ నాటిదని అడిగాను.

“ఈడికొచ్చిన నాటిది. సూదిచ్చినంక తినాలె గద. రైల్ల ఏం తింటది? మీరు చూసినంకనే సూదిచ్చి తినవెడ్త. అప్పటికి పగటీలి పన్నెండైతది.”

తొమ్మిది నెలల తాడులో నల్లవి పదకొండు. అందులో ఎనిమిది ఈ నెలవే. అంటే మా వరుస ఆలస్యం చేసిన సూదికి వచ్చిన రంగును చూసి, మిగతా నెలంతటికీ మేం మందు పెంచమంటూ వచ్చాం.

నేను మూడున్నరేళ్లు నర్సింగు చదివినదాన్ని. ఒకే రోగి పాత చీటీలన్నీ వరుసగా పెట్టి చూడాలన్న ఆలోచన నాకెన్నడూ రాలేదు. ఆమె తెల్లవారకముందే లేచి, పొయ్యి రాజేసి, సిరంజి ఉడికించి, గొట్టాన్ని పట్కారుతో పట్టుకుని కాచి, రంగు చూసి, ముడేసి, సూది వేసి, బిడ్డకు తినబెట్టి, ఆ తర్వాత కలుపుకు పోయేది. ఒక్క రోజు తప్పలేదు. ఎవరూ అడగలేదు, ఎవరూ మెచ్చలేదు. పైగా నవ్వారు. అక్షరం రాని మనిషి తొమ్మిది నెలలు రాసిన పుస్తకం నా చేతిలో ఉంది.

వరుసను దాటి లోపలికి వెళ్లి తాడును కిషన్ రావు గారి బల్ల మీద పరిచాను. “సార్, అరుణకు మందు ఎక్కువైంది. ఇది చూడండి.” ఆయన విసుగ్గా చూశారు. తర్వాత కళ్లద్దాలు సర్దుకున్నారు. మొగిలమ్మను పిలిపించి, కుర్చీలో కూర్చోబెట్టి, ఒక్కో నల్ల ముడి గురించి అడిగారు. చివరికి, “పాతంతనే ఇయ్యమ్మా. ఇది నేను ముందే అడగాల్సింది,” అన్నారు.

ఆ నెల నుంచి పిల్లల్ని అందరికంటే ముందు చూడటం మొదలైంది. బరువు, పాదాలు, సూది పొడిచే చోటు నేను చూసేదాన్ని. వరండాలో మొగిలమ్మ మిగతా తల్లులకు పీలికలు కట్టడం నేర్పేది. వాళ్ల ఇళ్ల సంగతులు వింటూ కూర్చుంటే గురువారాలు నాకు ఆలస్యమయ్యేది. వంటెవరు చేస్తారని మా ఆయన అడిగాడు. ఆ ఒక్క పూట నేను చేయనని చెప్పాను. మొదటి వారం ఎవరూ చేయలేదు. రెండో వారం నేను వచ్చేసరికి అత్తమ్మ బియ్యం కడిగి పెట్టింది, ఆయన పొయ్యి ముందు కూర్చుని ఉన్నాడు.

ఏడాది గడిచింది. ఆ ఆరుగురిలో ఒక్కరు కూడా మళ్లీ వార్డులో చేరలేదు. హైదరాబాద్ నుంచి తనిఖీకి వచ్చిన అధికారి అది విని, ఈ పద్ధతి ఎవరు పెట్టారని అడిగారు. “మా సిస్టర్ సుగుణ,” అన్నారు కిషన్ రావు గారు. ఆ గదిలో నా పేరు అలా పలకడం అదే మొదలు. ఊరుకుంటే ఆ పేరు అలాగే కాగితమెక్కేది. ఊరుకోవాలని ఒక్క క్షణం ఎంతగానో అనిపించింది.

“నేను కాదు సార్,” అన్నాను. “మొగిలమ్మ. నెక్కొండ.”

అధికారి ఆ పేరు రాసుకున్నారు. ఆమె ఎవరని అడిగారు. పిల్ల తల్లి అన్నాను. ఆయన తలూపి, పేరు పక్కన ‘తల్లి’ అని రాయబోయారు.

“తల్లి అని రాయకుండ్రి సార్,” అన్నాను. “తల్లంటే ఊకెనే చేసిందనుకుంటరు. పని తెలిసిన మనిషని రాయుండ్రి.”